చందాలతో ఫ్యాన్ ఫిల్మ్: మొదటి రూపాయి నుంచి లాయర్ నోటీసు దాకా

ఆ హార్డ్ డిస్కు ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. మా విజయనగరం కుర్రాళ్లు దాదాపు మూడేళ్ల కిందట మొదలెట్టిన ఫ్యాన్ ఫిల్మ్ అది. ఒక పెద్ద హీరో వేసిన పోలీసు పాత్ర ఎస్సై కాకముందు కళింగపట్నం తీరంలో ఎలా బతికాడన్నది కథ. అభిమాన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో క్యూఆర్ కోడ్ పెడితే 1,86,000 రూపాయలు వచ్చాయి. ఎడిటింగ్ నాది. తొంభై సెకన్ల టీజర్ వదిలిన రోజు పండగే పండగ. నాలుగో రోజుకి యూట్యూబ్ దాన్ని తీసేసింది. అదేం పెద్ద దెబ్బ కాదు, మళ్లీ కట్ చేసుకోవచ్చు అనుకున్నాం. పదో రోజున గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేసుకునే ఒక అభిమాని గ్రూపులో అడిగాడు: "నా అయిదేలు ఏటయ్యాయి బావూ? సినిమా రాకపోతే పోనీ, లెక్కైనా చెప్పండర్రా."

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. సినిమా ఆగింది అక్కడే. అందుకే ఇందులో చట్టం ఎంత ఉంటుందో చందా లెక్క అంతకంటే ఎక్కువ ఉంటుంది.

మొదటి మెట్టు: ఆ అమెరికా కేసు తెలుసుకోండి

ఫ్యాన్ ఫిల్మ్ తీయాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు 'ఆక్సనార్' గొడవ గురించి తెలుసుకోవాలి. 'స్టార్ ట్రెక్' అనే అమెరికా అంతరిక్ష సీరియల్ అభిమానులు 2014లో ఒక చిన్న చిత్రం తీశారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ ఊపులో 'ఆక్సనార్' పేరుతో పూర్తి నిడివి సినిమా తీస్తామని ఆన్‌లైన్‌లో చందాలు పిలిస్తే మొత్తం 10 లక్షల డాలర్లు దాటింది. 2015 డిసెంబర్ 29న హక్కుదారులైన సీబీఎస్, పారామౌంట్ కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశాయి.

అంతకుముందు ఏళ్ల తరబడి వచ్చిన ఫ్యాన్ ఫిల్ముల్ని ఆ కంపెనీలు చూసీ చూడనట్టు వదిలేశాయి. ఇక్కడ తేడా ఏమిటంటే, చందా డబ్బుతో గోదాం అద్దెకు తీసుకుని స్టూడియోగా మార్చారు, నిర్మాత కొంతకాలం జీతం కూడా తీసుకున్నాడు. పైగా "ఇది మామూలు ఫ్యాన్ ఫిల్మ్ కాదు, ప్రొఫెషనల్ సినిమా" అని వాళ్లే చెప్పుకున్నారు. ఆ గొప్పలే తర్వాత కోర్టులో వాళ్ల మెడకి చుట్టుకున్నాయి. 2017 జనవరి మొదట్లో జడ్జి ఫెయిర్ యూజ్ వాదన, అంటే అనుమతి లేకపోయినా న్యాయంగా కొంత వాడుకోవచ్చన్నది, వీళ్లకి వర్తించదని తేల్చాడు. ఉచితంగా చూపిస్తామన్నా లాభం లేకపోయింది, పేరు రావడం, తర్వాత అవకాశాలు రావడం కూడా ప్రయోజనమే అన్నాడు. అదే నెల 20న రాజీ కుదిరింది. సినిమా కాస్తా పదిహేనేసి నిమిషాల రెండు ముక్కలయింది, యూట్యూబ్‌లో ప్రకటనలు లేకుండా పెట్టుకోవాలి, ఇక మీదట బహిరంగంగా చందాలు పిలవకూడదు.

మధ్యలో ఒక ముచ్చట ఉంది. 2016 మేలో, 'స్టార్ ట్రెక్' సినిమాలు తీసిన జె.జె. అబ్రామ్స్ అంతటి దర్శకుడు అభిమానుల సభలో, ఈ కేసు త్వరలో పోతుందని ప్రకటించాడు. పోలేదు. మన దగ్గరా ఆడియో ఫంక్షన్‌లో హీరోగారు భుజం తట్టి "తియ్యండి తమ్ముడూ" అంటే దాన్నే అనుమతి అనుకుంటాం. సంతకం లేని మాట కోర్టులో అక్కరకు రాదు.

2016 జూన్‌లో ఆ కంపెనీలే ఫ్యాన్ ఫిల్ములకి నియమాలు ప్రకటించాయి. నిడివి 15 నిమిషాలు, లేదా రెండు భాగాలు కలిపి 30. చందా 50,000 డాలర్లు మించకూడదు. పనిచేసేవాళ్లెవరూ డబ్బు తీసుకోకూడదు. చందాదార్లకి ఆ పాత్రల బొమ్మలున్న వస్తువులు ఇవ్వకూడదు. తెలుగు నిర్మాణ సంస్థలు ఇలాంటి కాగితమేదీ పెట్టినట్టు నా దృష్టికి రాలేదు కాబట్టి మనం వీటినే కొలబద్దగా పెట్టుకోవడం మంచిది. ఇవి మనకి రక్షణ ఇవ్వవు గానీ హక్కుదారుడికి ఎక్కడ మండుతుందో తెలుస్తుంది.

రెండో మెట్టు: ఏ ముక్క ఎవరిదో రాసుకోండి

సినిమా అంటే ఒక్క ఆస్తి కాదు. కథ, మాటలు, పాటల సాహిత్యం, బాణీ, రికార్డయిన పాట, తెర మీది బొమ్మ ఒక్కొక్కటి ఒక్కో హక్కు. వాటిలో కొన్ని నిర్మాత దగ్గర ఉంటాయి, ఆడియో రైట్స్ కంపెనీకి పోయి ఉంటాయి, రీమేక్ రైట్స్ ఇంకెవరో కొనుక్కుని ఉంటారు.

పాత సినిమా కదా అని ధైర్యపడకండి. 'మాయాబజార్' 1957లో వచ్చింది. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి గడువు విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు, అంటే 2017తో అయిపోయింది. కానీ దానికి మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. రచనకి గడువు రచయిత పోయాక 60 ఏళ్లు. ఆ మాటలూ పాటలూ 2031 చివరి దాకా ఎవరో ఒకరి సొత్తే. బాణీల్లో కొన్ని సాలూరి రాజేశ్వరరావువి, ఆయన 1999 దాకా ఉన్నారు, లెక్క 2059కి పోతుంది. మిగతావి మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాలవి, 2034 దాకా. ఇక శశిరేఖ పెళ్లి కథ మాత్రం జనం నోట ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని ఎవరైనా కొత్తగా చెప్పుకోవచ్చు. (పింగళి పుట్టింది రాజాంలో. అప్పుడు శ్రీకాకుళం వైపు అనేవాళ్లం, 2022 నుంచి ఆ ఊరు విజయనగరం జిల్లా లెక్కలోకి వచ్చింది.)

పాత్ర సంగతి వేరు. ఆలోచనకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులోనే చెప్పింది. నిజాయతీ గల పోలీసు కథ ఎవరైనా తీయొచ్చు. కానీ పేరు, నడక, కళ్లజోడు పెట్టే తీరు, ఊతపదం అన్నీ కలిసి ఒకే మనిషిని గుర్తుచేస్తే కథ మారుతుంది. 2016లో ఒక తెలుగు సినిమా మీద హిందీ 'దబంగ్' నిర్మాత బాంబే హైకోర్టుకి వెళ్లినప్పుడు, అలాంటి విశిష్టమైన పాత్రకి రక్షణ ఉండొచ్చన్న సూత్రాన్ని జడ్జి ఒప్పుకున్నారు. ఆలస్యంగా వచ్చారని స్టే మాత్రం ఇవ్వలేదు.

టైటిల్‌కి కాపీరైట్ లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన ఆ పేరు పెట్టేసుకోకండి, ట్రేడ్‌మార్కు తీసి ఉండొచ్చు.

అన్నిటికీ పైన హీరో మొహం, గొంతు. 2023లో అనిల్ కపూర్‌కి, 2025లో మన నాగార్జునకి ఢిల్లీ హైకోర్టు వాళ్ల పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా రక్షణ ఇచ్చింది. ఏఐతో హీరో గొంతు పుట్టించి డైలాగు చెప్పిద్దామని మా వాడొకడు సరదాపడ్డాడు. ఆ సరదా వద్దు.

మూడో మెట్టు: అనుమతి అడగండి, కాగితం మీదే

అడిగితే వద్దంటారేమోనన్న భయంతో మేం అడగలేదు. అది తప్పు. సెన్సార్ సర్టిఫికెట్ మీద దరఖాస్తుదారుడి పేరు ఉంటుంది, అక్కణ్నుంచి మొదలెట్టండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. అందులో నిడివి ఎంత, ఎక్కడ చూపిస్తారు, చందా గరిష్ఠంగా ఎంత, ప్రకటనల ఆదాయం తీసుకోమన్న మాట, వాళ్లు ఆపమంటే ఎన్ని రోజుల్లో ఆపుతారు అన్నవి ఉండాలి. స్పీడ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి పంపండి.

చట్టం ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పందంలో గడువు, ప్రాంతం స్పష్టంగా రాయించుకోండి. హక్కు బదిలీ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ అనుకోవాలని సెక్షన్ 19 అంటుంది. అమెరికాలో ఉన్న అభిమానికి చూపించాలంటే ఆ ఒక్క గీత ముఖ్యం.

జవాబు రాకపోతే? మౌనం అంగీకారం అనే మాట పెళ్లిచూపులకి పనికొస్తుంది, కాపీరైట్‌కి కాదు.

నాలుగో మెట్టు: అనుమతి లేకపోతే మిగిలే దారులు

"లాభం లేదు కదా, అభిమానంతో తీశాం" అన్నది మన చట్టంలో పూర్తి రక్షణ కాదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోని ఫెయిర్ డీలింగ్ (అనుమతి లేకుండా వాడుకునే మినహాయింపు) సొంత వాడకానికీ, విమర్శకీ, సమీక్షకీ, వార్తలకీ మాత్రమే. వ్యాపార లాభం కోసం కాకపోతే శిక్ష తగ్గించే వీలు సెక్షన్ 63లో జడ్జికి ఉంది, అంతే. మామూలుగా ఆ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇది పోలీసు నేరుగా కేసు కట్టగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అభిమాని మీద ఇంత దూరం ఎవరూ వెళ్లరనే నా అంచనా, కానీ అంచనా మీద చందాలు పట్టకూడదు.

విమర్శ దారి ఒకటుంది. 1996లో కేరళ హైకోర్టు, ఒక ప్రసిద్ధ నాటకాన్ని విమర్శిస్తూ దాని పాత్రల్నే వాడి రాసిన ఎదురు నాటకాన్ని సమర్థించింది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలుదానికి పోటీ అవుతుందా అని మూడు కోణాల్లో చూసింది. మీ హీరో పాత్రని మీరు నిజంగా ప్రశ్నిస్తూ తీస్తే ఈ వాదన నిలబడొచ్చు. కానీ పాలాభిషేకం చేసేవాడు విమర్శకుణ్నని చెప్పుకుంటే జడ్జి నవ్వుతాడు.

నన్నడిగితే, మన జిల్లాల్లో ఉండి ఇంకొకరి పాత్ర వెంట పడటమే వింత. గురజాడ 1915లో పోయారు, ఆయన నాటకం, కథలు అందరి సొత్తు. గిరీశం విజయనగరం నుంచి ఎక్కడికి పారిపోయాడో, తర్వాత ఏమయ్యాడో తీయండి, ఎవర్నీ అడగక్కర్లేదు. చాసో కథలు మాత్రం 2054 దాకా, కారా మాస్టారివి 2081 దాకా హక్కుల్లో ఉంటాయి. శ్రీకాకుళం కథానిలయంలో చదవడానికి దొరుకుతుంది కాబట్టి తీయడానికీ దొరికినట్టే అనుకోకండి, వారసుల్ని కలవండి. కథ అడిగి తీసుకునే అలవాటు అక్కడ మొదలైతే ఇంకా మంచిది.

అయిదో మెట్టు: చందా

మా వైపు ఊళ్లో గ్రామదేవత పండగ అయ్యాక, ఎంత వచ్చింది, డప్పులకెంత, సీరియల్ లైట్లకెంత, మిగిలిందెంత అని రామాలయం గోడకి కాగితం అంటిస్తారు. ఆ కాగితం అంటించని ఏడాది కొట్లాట తప్పదు. సినిమా చందాకి నేను చెప్పే పద్ధతి అంతకంటే గొప్పదేం కాదు.

అనుమతి కాగితం చేతికొచ్చే దాకా క్యూఆర్ కోడ్ పెట్టకండి. తొందరలో మేం చేసిన మొదటి తప్పు ఇదే. డైరెక్టర్ కుర్రాడి సొంత ఫోన్‌పే నంబరే ఇచ్చాం. అతని జీతం, బండి ఈఎంఐ, అభిమానుల చందా అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయాయి. దొంగతనం చేశాడని నేననను, కానీ చేయలేదని చూపించే దారీ లేకుండా పోయింది. ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదిలే జాయింట్ ఖాతా తెరవండి, ఆ ఇద్దరిలో ఒకరు సినిమాలో పనిచేయనివాళ్లు అయితే మేలు. పెద్ద మొత్తం అనుకుంటే సొసైటీ రిజిస్టర్ చేయించుకోండి, మన రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. ఏ రిజిస్ట్రేషనూ లేకుండా నలుగురు కలిసి వ్యాపారంలా నడిపితే, దాన్ని భాగస్వామ్యంగా చూసి అప్పులకి నలుగుర్నీ బాధ్యుల్ని చేసే ప్రమాదం ఉంది.

ఏం మాటిస్తున్నారో చూసుకోండి. "హిట్టయితే మీ డబ్బు రెట్టింపు చేసి ఇస్తాం" అన్న ఒక్క పోస్టుతో చందా కాస్తా డిపాజిట్ అయిపోతుంది. అనుమతి లేని డిపాజిట్లని నిషేధిస్తూ 2019లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, అలా జనాన్ని పిలిస్తేనే ఏడాది నుంచి అయిదేళ్ల దాకా జైలు. చీటీల కంపెనీలు మునిగిపోయిన ఊళ్లు మనవి, పోలీసులు ఈ విషయంలో సరదాగా ఉండరు. వాటా వద్దు, వడ్డీ వద్దు. పేరు టైటిల్స్‌లో వేస్తామనండి, చాలు. హీరో బొమ్మ టీషర్టులు, మగ్గులు అసలొద్దు.

విదేశాల నుంచి వచ్చే డబ్బు ఇంకో చిక్కు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు భారత పౌరులే, తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు పంపితే మాత్రం విదేశీ మూలమే, విదేశీ విరాళాల్ని అదుపు చేసే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం గుర్తుకురావాలి. ఆయన్ని ప్రేమగా వద్దనండి. పన్ను సంగతీ మర్చిపోవద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఒక మనిషి ఖాతాలోకి ఏడాదిలో ఉట్టిగా వచ్చిన సొమ్ము మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం కాదు, మొత్తం ఆదాయంలోకి వస్తుంది. ఆడిటర్‌కి ముందే చూపించుకోండి.

చందా పిలుపు కింద ఈ మాటలు తప్పకుండా పెట్టండి, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"ఇది అభిమానులు తీస్తున్న చిత్రం. మూల చిత్రం హక్కుదారులతో మాకు ఏ వ్యాపార సంబంధమూ లేదు. వారి అనుమతి ఫలానా తేదీన ఫలానా షరతులతో వచ్చింది. మేం తీసుకునే గరిష్ఠ మొత్తం ఇంత, అది చేరగానే ఖాతా మూసేస్తాం. మీకు లాభంలో వాటా గానీ వడ్డీ గానీ ఉండదు. మా టీమ్‌లో ఎవరూ జీతం తీసుకోరు. ప్రతి నెల 5వ తేదీన లెక్క పెడతాం. చిత్రం ఆగిపోతే మిగిలిన సొమ్ము ఇచ్చినవారికి వాటాల ప్రకారం తిరిగి వస్తుంది."

ఎవరైనా జీతం తీసుకోవాల్సి వస్తే అది కూడా దాచకండి. కెమెరామన్‌కి రోజుకి ఇంత అని రాస్తే అభిమాని ఒప్పుకుంటాడు. తర్వాత తెలిస్తే ఒప్పుకోడు. ఆక్సనార్‌లో జీతం విషయం అభిమానుల్ని చీల్చింది ఇందుకే.

ఆరో మెట్టు: టీమ్, ఊరు, కళాకారులు

ఒకరికొకరు తెలుసు కదా అని ఒప్పందాలు రాసుకోరు. స్క్రిప్టు రాసినవాడు మధ్యలో అలిగి వెళ్లిపోతే ఆ స్క్రిప్టు అతనిదే. మొదటి రోజే స్టాంపు కాగితం మీద ఎవరి పని ఏమిటో, హక్కు ఎవరిదో, పేరు ఎలా వేయాలో రాసి అందరూ సంతకాలు పెట్టండి.

మేం ఒక పాట కోసం తప్పెటగుళ్ల బృందాన్ని పిలిచాం. భోజనం పెట్టి పంపించేశాం, హీరో అభిమానులు కదా అని. నిజానికి వాళ్లు అభిమానులు కాదు, కళే వాళ్ల కూడు. ప్రదర్శించేవాళ్లకి కాపీరైట్ చట్టంలో ప్రత్యేక హక్కు ఉంది, పేరు వేయమని అడిగే హక్కు కూడా ఉంది. తర్వాత వెళ్లి డబ్బిచ్చి సంతకం తెచ్చుకున్నాం, ఆ గురువుగారు సంతకం పెడుతూ "భోజనం బాగుంది నాయినా" అన్నాడు. తల ఎత్తలేకపోయాను.

లొకేషన్ల గురించి క్లుప్తంగా: శాలిహుండం లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ముందస్తు అనుమతి లేకుండా ట్రైపాడ్ దించకండి. పోలీసు డ్రెస్సుతో షూటింగ్ ఉంటే స్టేషన్‌లో కాగితం ఇచ్చి రండి. గుళ్లలో ఈవోని అడగండి.

ఏడో మెట్టు: విడుదల, ఆ తర్వాత వచ్చే కాగితాలు

థియేటర్‌లోనో కల్యాణ మండపంలోనో జనానికి వేసి చూపించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, దరఖాస్తు హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి. యూట్యూబ్‌కి అక్కర్లేదు, కానీ అక్కడ వేరే కాపలా ఉంటుంది.

కంటెంట్ ఐడీ క్లెయిమ్, కాపీరైట్ స్ట్రైక్ ఒకటి కాదు. క్లెయిమ్ అంటే ఎక్కువగా పాట గురించి మిషన్ పట్టుకున్నది, మామూలుగా ప్రకటనల డబ్బు వాళ్లకి పోతుంది, ఛానల్‌కి దెబ్బ ఉండదు. స్ట్రైక్ అంటే హక్కుదారుడు చట్టబద్ధంగా తీసేయమన్నది. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోవచ్చు. వీడియో తీసేయడం తప్పని కౌంటర్ నోటిఫికేషన్ పెట్టే వీలుంది, కానీ మీ పేరు, చిరునామా అవతలివాళ్లకి వెళ్తాయి, వాళ్లు 10 పనిదినాల్లో దావా వేసినట్టు చూపకపోతే వీడియో తిరిగి రావచ్చు. హక్కు మీదేనని నిజంగా తెలిస్తే తప్ప కోపంతో అది పెట్టకండి. ఊళ్లో పెళ్లి వీడియోలు పెట్టుకునే ఛానల్‌లో ఫ్యాన్ ఫిల్మ్ అసలు పెట్టకండి, ఒకదాని కోసం ఇంకొకటి పోతుంది.

లాయర్ నోటీసు వస్తే మొదటి రాత్రి ఏమీ చేయకండి. హీరోని ట్యాగ్ చేసి "మమ్మల్ని తొక్కేస్తున్నారు" అని పోస్టు పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. అభిమానులు వెళ్లి నిర్మాతని తిడితే, ఆ తిట్లు మీ ఖాతాలో పడతాయి. మర్నాడు వీడియోని ప్రైవేట్‌లో పెట్టండి, చెరిపేయకండి. చందాలు ఆపండి. నోటీసులో ఇచ్చిన గడువు లోపల లాయర్ ద్వారా జవాబివ్వండి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం దొరుకుతుంది. జవాబులో వాదనకంటే వాస్తవాలు ముఖ్యం: ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, వీడియో ఎప్పుడు ఆపాం, మీరు చెప్పే షరతులేమిటి. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం హక్కుదారుడు తన ఆఫీసున్న ఊళ్లోనే దావా వేసుకోవచ్చు. అంటే ప్రతి వాయిదాకీ ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ పోవాలి. చందాలో ఆ టికెట్లకి పద్దు ఉండదు.

ఆఖరి మెట్టు: ఆపేయాల్సి వస్తే

మా లెక్క చివరికి ఇలా తేలింది. కెమెరా, లెన్సుల అద్దె 52,000. తిండి, ప్రయాణాలు 38,500. దుస్తులు 14,000. ఖాతాలో మిగిలింది 54,000. బిల్లు దొరకనిది 27,500. ఆ 27,500 ఎటు పోయిందని రెండు రాత్రులు కొట్టుకున్నాం. చివరికి నలుగురం తలా కొంత వేసి దాన్ని పూడ్చాం, తప్పెటగుళ్ల డబ్బు కూడా జేబులోంచే ఇచ్చాం. 81,500ని వాటాల ప్రకారం పంచితే అయిదు వేలిచ్చిన ఆ గల్ఫ్ అన్నకి 2,190 రూపాయలు వెళ్లాయి. పంపిన ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ తీసి, అడిగిన గ్రూపులోనే పెట్టాం.

ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. వాళ్ల డబ్బు ఖాతాలో అలాగే ఉంది, వాళ్ల పేర్లతో సహా.

ఉల్లంఘన మీద పరిహారం దావాకి గడువు మూడేళ్లు. టీజర్ దిగిపోయిన రోజు నుంచి లెక్కేస్తే వచ్చే శ్రావణానికి అవుతుంది. అప్పటిదాకా ఫుటేజీ, బిల్లులు, ఉత్తరాలు ఏవీ చెరపొద్దని మా లాయర్ చెప్పారు. ఆ హార్డ్ డిస్కు సొరుగులో ఉన్నది అందుకు.